కుర్చీ ఎక్కిన సబ్‌వూఫర్

కాశీబుగ్గ బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే సన్యాసయ్యకి 2003 ఆగస్టులో కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. పదిహేను రోజులు తల వంచొద్దనీ, కంటికి పొగ తగలనివ్వొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. తల వంచకుండా, సోల్డరింగ్ పొగ పీల్చకుండా చేసే రిపేరేదీ సన్యాసయ్యకి తెలియదు. అందుకని కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని దుకాణం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళతో మాట్లాడే పని తను ఉంచుకుని, లోపలి పనంతా కూతురు భారతికి వదిలేశాడు.

భారతికి ఇరవై మూడేళ్ళు. శ్రీకాకుళంలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. అంతకు ముందు నుంచే, అంటే ఏడో తరగతి నుంచే, తండ్రి పక్కన కూర్చుని రేడియోలు విప్పేది. అయితే ఇళ్ళకి వెళ్ళి చేసే పని మాత్రం ఎప్పుడూ సన్యాసయ్యదే. ఆడపిల్ల సంచి తగిలించుకుని ఊళ్ళు తిరగడం ఆయనకి ఇష్టం లేక కాదు. ఆ ఊళ్ళవాళ్ళు ఆమె మాట వింటారో లేదోనని ఆయన బెంగ.

ఆ వారంలోనే కొత్తపుట్టుగ నుంచి గున్నయ్య ఫోన్ చేశాడు. గున్నయ్యకి ఉద్దానంలో కొబ్బరి, జీడి కలిపి ముప్పై ఎకరాల తోట. రెండుసార్లు ఊరి ప్రెసిడెంటుగా చేశాడు.

"సన్యాసీ, మా సబ్బూపరు సచ్చిపోనాది," అన్నాడు. "ఇద్దరు మెకానిక్కులొచ్చి సూసినారు. ఒకడు కాయిలు కాలిపోనాదన్నాడు. ఇంకొకడు లోపల బోర్డు పోనాదన్నాడు. నువ్వొచ్చి సూసి ఏటి పోనాదో సెప్పు."

"నాను కదల్లేను బాబూ. మా అమ్మాయిని పంపుతాను," అన్నాడు సన్యాసయ్య. "అమ్మాయినా? సరే, పంపు," అని గున్నయ్య ఫోన్ పెట్టేశాడు.

బయల్దేరేటప్పుడు సన్యాసయ్య కూతురికి ఒకటే చెప్పాడు. "ఎల్లీ ఎల్లగానే స్క్రూడ్రైవరు తియ్యకమ్మా. పెట్టి ఇప్పకుండా ఎంత తెలుత్తాదో అంతా తెలుసుకో. ఇప్పడం ఆకర్న."

భారతి పొద్దున్న బారువ బస్సెక్కి సగం దారిలో దిగింది. రోడ్డు మీద నుంచి ఊరిలోకి మైలు దూరం. రాత్రి వాన కురిసిందేమో, జీడితోటల్లో ఇసుక తడిసి నడవడానికి గట్టిగా, హాయిగా ఉంది. మల్టీమీటరు, టార్చి, నాలుగు రకాల వైర్లు ఉన్న సంచి భుజాన మార్చుకుంటూ గున్నయ్య ఇల్లు చేరింది. పంచాయతీ ఆఫీసుకి ఎదురుగా పెద్ద డాబా ఇల్లు అది. ముందు వరండా, దాని వెనక ముప్పై అడుగుల పొడవున హాలు, ఎర్రగా నున్నగా మెరిసే గచ్చు.

గున్నయ్య వరండాలో నిలబడి ఆమె వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"ఒక్కదానివే వచ్చినావా?"

"అవునండి. నాన్నకి కన్ను..."

"తెలుసు, తెలుసు. సూడు మరి. ఆ ఇద్దరూ మగమారాజులు, ఆలకే అంతు సిక్కలేదు."

ఆయన మాటలో కోపం లేదు, ఆశ కూడా లేదు. రెండేళ్ళ కిందట ఎన్నికల్లో ఓడిపోయాక ఆయనకి పొద్దు గడవడం కష్టమైంది. మనుషులు రావడం తగ్గింది. అందుకని ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళాక విశాఖపట్నం పోయి ఒక పెద్ద టీవీ, డీవీడీ ప్లేయరు, హోమ్ థియేటరు కొని వ్యానులో వేయించుకుని తెచ్చుకున్నాడు. హోమ్ థియేటరంటే అన్నిటికీ చప్పుడు పంచే నల్లటి రిసీవరు ఒకటి, చిన్న స్పీకర్లు ఐదు, బియ్యం డబ్బా అంత సబ్‌వూఫర్ ఒకటి. వినేవాళ్ళ గుండె అదిరేలా లోతు చప్పుడు చెయ్యాల్సింది ఆ సబ్‌వూఫరే. ఇప్పుడది టీవీ పక్కన మూల పలక్కుండా కూర్చుంది. ధనలక్ష్మి దాని మీద పూలకుండీ పెట్టేసింది.

ధనలక్ష్మి గున్నయ్య భార్య. భారతిని చూసి కుండీ తీసి, పెట్టె మీద నీటి మరక కొంగుతో తుడిచి, పక్కన నిలబడింది.

భారతి పెట్టె ముందు గొంతుకూర్చుని చూసింది. దాని మీద చిన్న దీపం ఎర్రగా వెలుగుతోంది.

"కరెంటు వస్తందండి. ఎర్ర లైటంటే అది మేలుకునే ఉంది గానీ దానికేమీ అందట్లేదని అర్థం. సౌండు అందితే పచ్చగా అవుద్ది."

"మరి కాయిలు కాలిపోనాదన్నాడే?"

"కాలిందో లేదో ఇప్పుడే తెలిసిపోద్ది."

సబ్‌వూఫర్ నుంచి ఒక పొడవాటి వైరు రిసీవరు వెనక్కి పోయింది. భారతి రిసీవరు వైపు కొసను పీకి, ఆ పిన్ను మొనమీద చూపుడువేలు ఆనించింది.

"భుర్ర్‌ర్‌ర్" అని ఒక్కసారి హాలంతా గర్జించింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గోడకున్న బల్లి జారి కింద పడి సోఫా కిందకి పరుగెత్తింది. గున్నయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఓలమ్మా! నీకు షాకు కొట్నేదు కదా?" అంది ధనలక్ష్మి.

"ఇందులో షాకేటీ ఉండదమ్మా. మన ఒంటి మీద తిరిగే కరెంటు చప్పుడే ఇది." భారతి నవ్వింది. "బాబుగారూ, ఇది సచ్చిపోలేదండి. కాయిలూ బాగుంది, బోర్డూ బాగుంది. తిండి అందక అలా పడుంది."

గున్నయ్య మొహంలో మొదటిసారి ఆశ కనిపించింది. కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

భారతి రిసీవరును ముందుకి లాగి వెనక టార్చి వేసింది. మూడు వరసల్లో ఎరుపూ తెలుపూ నలుపూ కన్నాలు. సబ్‌వూఫర్ వైరు ఇంతదాకా ఉన్న కన్నం టేపురికార్డరు కోసం పెట్టింది. అది చప్పుడు లోపలికి తీసుకునేదే గానీ బయటికి ఇచ్చేది కాదు.

"ఈ వైరు ఇక్కడెవరు పెట్టారండి?"

"ఆ ఎదవ మెకానిక్కులే అయ్యుంటారు," అన్నాడు గున్నయ్య.

"పాపా, ఎండలో వచ్చినావు, మంచినీళ్ళు తాగుదువుగాని రా," అంది ధనలక్ష్మి. గ్లాసు ఇక్కడికే తెచ్చి ఇవ్వొచ్చు కదా అని గున్నయ్య అనేలోపే ఆమె భారతిని వంటింట్లోకి తీసుకుపోయింది.

అక్కడ గొంతు తగ్గించింది. "ఒక మాట సెప్తాను, ఆయనకి సెప్పకు. ఆ వైరు పెట్టింది నాను. దుమ్ము దులుపుతుంటే ఊడొచ్చినాది. ఎనక సూత్తే అన్నీ ఒక్కలాంటి కన్నాలే. కాలీగా ఉన్నదాంట్లో దూర్చీసినాను. ఆ పొద్దు నుంచే అది పలకడం మానీసినాది. ఈలోపల ఆయన ఇశాపట్నం కొట్టోడికి పోన్ సేసి నానా మాటలూ అనీసినాడు. తరవాత మెకానిక్కుల్ని పిలిసినాడు. ఇంక ఎలా సెప్పీది?"

"ఎన్ని నెలల నుంచి ఇది కడుపులో పెట్టుకున్నారమ్మా?"

"నాలుగు," అంది ధనలక్ష్మి.

భారతి నవ్వాపుకుంటూ నీళ్ళు తాగింది. చెప్పనని మాటిచ్చింది.

హాల్లోకి వచ్చి వైరును సరైన కన్నంలో పెట్టింది. డీవీడీ వేసి చూస్తే దీపం ఇంకా ఎర్రగానే ఉంది. గున్నయ్య నిట్టూర్చాడు. భారతి మాత్రం రిమోటు అందుకుని రిసీవరు మీది అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ పోయింది. ఒకచోట ఆగింది.

"బాబుగారూ, ఈ ఇంట్లో సబ్‌వూఫరే లేదని దీనికెవరో చెప్పీసినారండి. లేనిదానికి ఇది సౌండు ఎందుకు పంపుద్ది?"

"లేదని సెప్పడమేటి? ఎవుడు సెప్పినాడు?"

"రిమోట్లో. ఇదిగో, సబ్‌వూఫర్ 'నో' అని ఉంది. ఎవరైనా చాలాసేపు నొక్కారా దీన్ని?"

గున్నయ్య తొడ చరిచాడు. "ఆ రెండోవోడు! అరగంట నొక్కినాడు. నొక్కి నొక్కి, బోర్డు పోనాదని సెప్పి, టీ తాగీసి ఎల్లిపోనాడు!"

భారతి 'నో'ను 'యస్' చేసింది. చిన్న స్పీకర్లు మోయలేని లోతు చప్పుడంతా పెద్ద పెట్టెకే పంపేలా ఇంకో ఏర్పాటు కూడా అక్కడే చేసింది. దీపం పచ్చగా మారింది. డీవీడీలో ఏదో వంతెన కూలుతోంది. ఆ కూలడం నేలలోంచి వచ్చి ముగ్గురి అరికాళ్ళకీ తగిలింది.

"వచ్చినాది! వచ్చినాదే!" అని గున్నయ్య లేచి నిలబడ్డాడు.

వంతెన కూలడం అయిపోయి నిశ్శబ్దం వచ్చేసరికి, కందిరీగల గూడు దగ్గరున్నట్టు సన్నగా ఒక గుయ్యిమనే మోత మిగిలింది. భారతి ఒక్కొక్క వైరే పీకుతూ చూసింది. డీవీడీ వైరు పీకినా మోత ఆగలేదు. టీవీకి వచ్చే కేబుల్ వైరు పీకగానే టక్కున ఆగిపోయింది. కేబుల్ వాళ్ళ వైరు ఊరంతా తిరిగి వస్తుంది, దాని ఎర్తూ ఈ ఇంటి ఎర్తూ ఒకటి కావు, ఆ తేడాయే ఇలా మోగుతోందని చెప్పింది. దానికి మధ్యలో పెట్టే చిన్న డబ్బీ ఒకటి కాశీబుగ్గ నుంచి పంపుతాననీ, అప్పటిదాకా డీవీడీ చూసేటప్పుడు కేబుల్ పీకి ఉంచమనీ అంది.

ఇంతలో భోజనాల వేళయింది. ధనలక్ష్మి బారువ నుంచి తెప్పించిన ఎండు నెత్తళ్ళ చేపలు వంకాయతో వండింది. భారతి మొహమాటపడకుండా రెండుసార్లు వడ్డించుకుంది. ఆవిడకి ఆ పిల్ల బాగా నచ్చేసింది.

అసలు చిక్కు భోజనాలయ్యాక బయటపడింది. గున్నయ్య ఎప్పుడూ కూర్చునే పేము కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, మళ్ళీ వంతెన కూల్చమన్నాడు. భారతి కూల్చింది. ఆయన మొహం వాడిపోయింది.

"ఏదీ? ఇందాకటిది ఏదీ?"

భారతి ఆయన్ని లేపి తను కూర్చుని విన్నది. నిజమే. కుర్చీలో కూర్చుంటే లోతు చప్పుడు మాయం. లేచి నాలుగడుగులు నడిస్తే ఉంది. వంటింటి గుమ్మంలోకి వెళితే చెవులు గింగిర్లెత్తేంత ఉంది.

"కొన్నకాడి నుంచీ ఇంతే," అన్నాడు గున్నయ్య నెమ్మదిగా. "కొట్లో ఇన్నప్పుడు ఇక్కడ తగిలినాది." కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇంటికి తెచ్చినాక ఆ దెబ్బ నేదు. మోసపోనాననుకున్నాను. ఎవులికీ సెప్పలేదు. సౌండు పెంచుకుంటా పోనాను."

"ఈయనిక్కడ పెంచితే అక్కడ నా గిన్నెలు అరల్లోంచి దూకీసేవి," అంది ధనలక్ష్మి.

భారతి ఆలోచించింది. "బారువలో సముద్రం ఒడ్డున చూసుంటారు బాబుగారూ. వచ్చే అలా, వెనక్కి పోయే అలా ఎదురుబొదురు అవుతాయి. ఒకచోట రెండూ కలిసి ఎగురుతాయి. ఇంకోచోట ఒకదాన్నొకటి తినేసి నీళ్ళు ఊరకే ఉంటాయి. ఈ చప్పుడు కూడా గోడలకి కొట్టుకుని వెనక్కి వస్తంది. మీ కుర్చీ సరిగ్గా నీళ్ళు ఊరకే ఉండే చోట పడింది."

"అయితే కుర్చీ జరపమంటావా? ఇక్కడైతేనే వీధీ కనబడద్ది, టీవీ కనబడద్ది. పదేళ్ళ నుంచి ఇది ఇక్కడే ఉంది."

"కుర్చీ వద్దండి. పెట్టెని జరుపుదాం. ఎక్కడికన్నది వెతకాలి. దానికో పద్ధతుంది." చెప్పడానికి భారతి కొంచెం తటపటాయించింది. టెక్కలి లైబ్రరీలో ఒక ఎలక్ట్రానిక్స్ పత్రికలో ఆ పద్ధతి చదివింది. దుకాణంలో తను స్వయంగా చేసి చూసింది కూడా. కానీ అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. "పెట్టెని మీ కుర్చీలో కూర్చోబెడతాం. మీరు గది చుట్టూ తిరుగుతా వింటారు. ఎక్కడ మీకు బాగా వినిపిస్తే పెట్టెని అక్కడ పెడతాం. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వినిపిస్తదో ఇక్కడి నుంచి అక్కడికీ అలాగే వినిపిస్తది."

"అదెంత పని? తిరుగుతాను."

"నిలబడి కాదండి. పెట్టె ఉండేది నేల మీద. కాబట్టి చెవి కూడా నేల దగ్గరే ఉండాలి."

గున్నయ్యకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక భార్య వైపు చూశాడు. ఆవిడ గోడకేసి తిరిగి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి.

"పాకమంటావా నన్ను?"

"నేను పాకొచ్చండి. కానీ నా చెవికి బాగుంటే మీకేం లాభం? రోజూ వినేది మీరు."

గున్నయ్య పంచె ఎగ్గట్టాడు. "ఒలే ధనం, తలుపు ముయ్యి."

"తలుపు మూస్తే చప్పుడు మారిపోద్దండి," అంది భారతి. "మీరు రోజూ తలుపు తీసుకునే కదా చూస్తారు."

తలుపు తీసే ఉంచారు. సబ్‌వూఫర్‌ను ఇద్దరు పట్టుకుని పేము కుర్చీ మీదికి ఎత్తారు. ఇంక కావాల్సింది ఒకే రకంగా ఆగకుండా మోగే లోతు చప్పుడు. వంతెన ఒక్కసారి కూలి ఊరుకుంటుంది, పనికిరాదు. అప్పుడు ధనలక్ష్మి లోపల్నుంచి ఒక పాత క్యాసెట్టు, టేపురికార్డరు తెచ్చింది. ఎనభై ఆరులో అమ్మవారి పండగకి ఊళ్ళో చెప్పించిన జముకుల కథ అది. అప్పుడు కొత్తగా కొన్న టేపురికార్డరును ఒళ్ళో పెట్టుకుని ఆవిడే రికార్డు చేసింది. జముకంటే చర్మం బిగించిన బుంగ లాంటిది. లోపలి తీగను లాగి మీటితే నూతిలోంచి పలికినట్టు గుమ్మ్, గుమ్మ్ అంటుంది. కథ చెప్పేవాడు ఊపిరి తీసుకున్నా అది మాత్రం ఆగదు.

భారతి టేపును రిసీవరుకి కలిపింది. కుర్చీలో దర్జాగా కూర్చున్న నల్ల పెట్టె గుమ్మ్, గుమ్మ్ అనడం మొదలుపెట్టింది. కొత్తపుట్టుగకి పదేళ్ళు ప్రెసిడెంటుగా చేసిన గున్నయ్య దాని ముందు మోకాళ్ళ మీదికి వంగాడు.

మొదట్లో సిగ్గుపడుతూ పాకాడు. టీవీ బల్ల దాటేసరికి సిగ్గు మరిచిపోయాడు. తల ఒక పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, గోడ వెంట ఒక్కో చెయ్యే ముందుకి వేస్తున్నాడు. "ఇక్కడ నేదు... ఇక్కడ కొంచెం... ఓలమ్మో, ఇక్కడ ఉందే పాపా!" అన్న చోటల్లా భారతి సుద్దముక్కతో గచ్చు మీద గీత పెట్టింది. తలుపు వెనక్కి వెళ్ళాడు. అక్కడ మరీ ఎక్కువై బొంగురుగా ఉందన్నాడు. ఆ తేడా ఆయనకై ఆయన పట్టుకోవడం చూసి భారతికి ముచ్చటేసింది. పాకే మనిషి చెవి మంచిదే.

అంతలో క్యాసెట్టులో కథకుడు రాజుగారి అజీర్తి మీద ఏదో చమత్కారం ఆడి ఆగాడు. జనంలోంచి ఒక కుర్ర గొంతు, "ఆ రాజుకి మా ఊరి జీడిపిక్కలు పెట్టండ్రా, అరిగిపోద్ది!" అని అరిచింది. జనం గొల్లుమన్నారు.

గున్నయ్య పాకడం ఆపేశాడు. "అది నాను! ధనం, అది నా గొంతే!"

టేపులో ఇంకో గొంతు అందుకుంది. "పిక్కలు పెడితే సరా బావా, ఒలిసీదెవులు, మీ నాన్నా?" జనం మళ్ళీ గొల్లుమన్నారు.

"ఆ రెండోది నాది," అన్నారెవరో గుమ్మంలోంచి.

అందరూ అటు తిరిగారు. గుమ్మంలో ఢిల్లేశ్వరరావు నిలబడి ఉన్నాడు. రెండేళ్ళ కిందట గున్నయ్యని ఓడించి ప్రెసిడెంటయినవాడు ఆయనే. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుగా పంచాయతీ ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసుకుంటుంటే జముకు చప్పుడు వినిపించింది. ఎక్కడ కథ చెప్తున్నారా అని వీధిలోకి వచ్చి, ఆ చప్పుడు పట్టుకుని గుమ్మందాకా వచ్చేశాడు.

గున్నయ్య గబుక్కున లేవబోయాడు. మోకాలు పట్టేసింది. లేవలేక నాలుగు కాళ్ళ మీదే ఉండిపోయాడు.

ఢిల్లేశ్వరరావు కుర్చీలో కూర్చున్న పెట్టెనీ నేల మీదున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు. "ఏటి సేత్తన్నావు బావా?"

ఆ పిలుపు రెండేళ్ళ తరవాత అనుకోకుండా నోట్లోంచి వచ్చింది. టేపులో విన్న ఊపు అది.

భారతే ఉన్నదున్నట్టు చెప్పింది. ఢిల్లేశ్వరరావు శ్రద్ధగా విన్నాడు. తల గోక్కున్నాడు.

"అయితే ఆ టీవీ పక్క మూలే బాగుంటది. అక్కడ గట్టిగా ఉంది."

"నిలబడి సెప్పకు," అన్నాడు గున్నయ్య కింద నుంచి. "నిలబడితే తెల్దు. వంగి సెప్పు."

ఢిల్లేశ్వరరావు ఒక్క క్షణం వెనక్కి తిరిగి వీధి వైపు చూశాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. జేబులో కాగితాలు తీసి ధనలక్ష్మి చేతికిచ్చి మోకాళ్ళ మీదికి దిగాడు.

తరవాత పావుగంట సేపు పాత ప్రెసిడెంటూ కొత్త ప్రెసిడెంటూ ఆ హాలు చుట్టూ ఒకరి వెనక ఒకరు పాకారు. ఒకచోట తలలు గుద్దుకున్నాయి. ఒకరు బాగుందన్న చోట రెండోవారు లేదన్నారు. "నీకు ఎడం సెవి ఇనబడదు బావా, చిన్నప్పుడే నూతిలో పడ్డావు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "నా సెవులకేటి, నువ్వు ఓట్లు లెక్కెట్టినట్టు తప్పులెక్క సెప్తన్నావు," అన్నాడు గున్నయ్య. అయినా ఎవరూ లేచిపోలేదు.

ధనలక్ష్మికి ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది.

"ఏటండీ, ఒక మాట. ఆ వైరు తప్పు కన్నంలో పెట్టింది మెకానిక్కులు కాదు. నానే. దుమ్ము దులుపుతుంటే ఊడినాది."

గున్నయ్య పాకుతున్నవాడల్లా తల పైకెత్తాడు. "నాలుగు నెలల నుంచా?"

"నాలుగు నెలల నుంచే."

ఆయన కోప్పడదామనుకున్నాడు. కానీ నేల మీద నుంచి తల పైకెత్తి కోప్పడటం ఎవరికీ సాధ్యం కాదు. పక్కన ఢిల్లేశ్వరరావు అప్పటికే నవ్వుతూ నేల మీద కూలబడిపోయాడు. చూస్తూ చూస్తూ గున్నయ్య కూడా నవ్వేశాడు.

"ఆ ఇశాపట్నం కొట్టోడికి నువ్వే పోన్ సేసి సెప్పు. నానైతే సెప్పలేను," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

చివరికి ఇద్దరూ వీధి వైపు కిటికీకీ వంటింటికీ మధ్య ఒకచోట ఒకేసారి ఆగారు. జముకు అక్కడ గట్టిగా లేదు, బొంగురుగా లేదు. ప్రతి మీటూ విడివిడిగా, నిండుగా వచ్చి పక్కటెముకలకి తగులుతోంది. భారతి కూడా వంగి విని తలూపింది. సరిగ్గా ఆ చోటే ధనలక్ష్మి కుట్టుమిషను ఉంది.

"తీసీండి," అంది ఆవిడ వెంటనే. "వరండాలో ఎలుతురెక్కువ. సూదిలోకి దారం ఎక్కించడానికి అక్కడే బాగుంటది."

మిషను వరండాలోకి వెళ్ళింది. కుర్చీ దిగిన సబ్‌వూఫర్ మిషను ఉన్న చోట కూర్చుంది. భారతి దాని వెనక మర తిప్పి మోత కాస్త తగ్గించింది. గున్నయ్య పంచె దులుపుకుని, పేము కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకున్నాడు. టేపు మొదటి నుంచీ వేశారు.

గుమ్మ్ అంది జముకు.

ఆయన రెండు చేతులూ కడుపు మీదికి వచ్చాయి. కథకుడి గొంతు పైన ఎక్కడో తేలుతోంది. జముకు మాత్రం కుర్చీలోనే, ఆయన లోపలే మోగుతోంది. ఎనభై ఆరులో పందిరి కింద ముందు వరసలో కూర్చున్నప్పుడు ఎలా తగిలిందో అలాగే. ధనలక్ష్మి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆయన్నే చూస్తోంది. ఆ రాత్రి టేపురికార్డరు పట్టుకుని చెయ్యి నొప్పెట్టినా కదపలేదని భారతితో మెల్లగా చెప్పింది.

ఢిల్లేశ్వరరావు కూడా సోఫాలో కూర్చుని విన్నాడు. మొహం చిట్లించాడు. "నాకు ఇక్కడ ఏటీ నేదే?"

"అది గున్నయ్య గారి కుర్చీకి లెక్క వేసి పెట్టిందండి," అంది భారతి. "సోఫాకి వేరేగా వెతకాలి."

గున్నయ్య కళ్ళు తెరిచాడు. ఆ రోజు మొత్తం మీద ఆయన అంత సంతోషంగా కనిపించింది అప్పుడే. కానీ తరవాత కాలితో ఒక బల్ల తన కుర్చీ పక్కకి లాగాడు. "ఇటొచ్చి కూకో. కథ అయిపోతాది."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని క్యాసెట్టు రెండో వైపు కూడా విన్నారు. మధ్యలో పంచాయతీ ఆఫీసు నుంచి ఒకరొచ్చి సంతకం కావాలంటే ఢిల్లేశ్వరరావు కూర్చున్నచోటే పెట్టి పంపేశాడు. నాలుగున్నర బస్సుకి భారతి బయల్దేరితే ధనలక్ష్మి సంచిలో రెండు కొబ్బరికాయలూ, జీడిపప్పు పొట్లమూ కుక్కింది. గున్నయ్య రోడ్డుదాకా సైకిలు మీద సంచి పెట్టుకుని నడిచి వచ్చాడు. బస్సెక్కించి, కండక్టరుతో "మా మెకానిక్కు గారు, కాశీబుగ్గలో జాగర్తగా దింపు," అన్నాడు.

దుకాణంలో సన్యాసయ్య ఆకుపచ్చ గుడ్డ కిందనుంచి కూతుర్ని చూశాడు. "కాయిలా? బోర్డా?"

"రెండూ కాదు నాన్నా." భారతి స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది. వేలు పెట్టి చూడటం దగ్గర ఆయన మెచ్చుకోలుగా తలూపాడు. పాకడం దగ్గరకొచ్చేసరికి నవ్వు మొదలైంది. డాక్టరు గట్టిగా నవ్వొద్దని కూడా చెప్పాడు. అది గుర్తొచ్చి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

నవ్వు ఆగాక, "ఆ పద్ధతి నాకు తెల్దమ్మా," అన్నాడు. "నానెళ్తే వైరు మార్చి, రిమోటు నొక్కి, మోత ఆపి వచ్చీసేవోణ్ణి. ఆయన కుర్చీలో కూకున్నాక నాకు మళ్ళీ పోన్ సేసేవోడు." కంటి గుడ్డ సర్దుకుంటూ, "కన్ను బాగయినాక కూడా ఊళ్ళకి నువ్వే ఎల్లు," అన్నాడు.

భారతి వెళ్ళింది. ఆ నెలలోనే మందస నుంచి ఒకరు, సోంపేట నుంచి ఇద్దరు కబురుపెట్టారు. కేబుల్ మోత ఆపే డబ్బీ ఇవ్వడానికి కొత్తపుట్టుగ వెళ్ళినప్పుడు ఢిల్లేశ్వరరావు తన ఇంటికి కూడా ఒక హోమ్ థియేటరు ఏది కొంటే మంచిదో రాయించుకున్నాడు. టెక్కలి నుంచి ఒక కాలేజీ లెక్చరరు ఫోన్ చేసి, తన సబ్‌వూఫర్ పలకడం లేదని చెప్పి, "మీరొస్తే మేం కూడా పాకాలాండి?" అని అనుమానంగా అడిగాడు.

"ముందు వైరు ఏ కన్నంలో ఉందో చూద్దామండి," అంది భారతి.